కొరాపుట్ వానల్లో సైక్లమెన్ దుంపలు: నా ఐదేళ్ళ అనుభవం

2019 డిసెంబరు 27న విశాఖపట్నంలోని ఒక నర్సరీలో మొదటిసారి సైక్లమెన్ మొక్కను చూశాను. అంతకుముందు సంవత్సరమే రైల్వే గార్డుగా రిటైరై ఒడిశాలోని కొరాపుట్‌లో సొంత ఇంట్లో స్థిరపడ్డాం. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక, చలి ప్రాంతపు మొక్క ఏది తెచ్చినా ఇక్కడ బతుకుతుందనే ధీమా నాకు ఉండేది. రేకలన్నీ వెనక్కి విరుచుకుని, ఈదురుగాలికి తిరగబడిన గొడుగుల్లా నిలబడిన ఆ ఎర్రని పూలను చూసి, బేరమాడకుండా 350 రూపాయలిచ్చి కొన్నాను. కిరండూల్ పాసింజరులో అరకు సొరంగాలన్నీ దాటి ఇల్లు చేరేదాకా ఆ కుండీ నా ఒళ్ళోనే ఉంది.

మార్చి వరకు మొక్క కళకళలాడింది. ఏప్రిల్‌లో ఆకులు ఒక్కొక్కటే పసుపు రంగుకు తిరిగాయి. లాక్‌డౌన్ రోజులు కావడంతో చేతికి వేరే పని లేక రోజుకు రెండు పూటలా నీళ్ళు పోసేవాణ్ణి. పోసినకొద్దీ ఆకులు మరింత వేగంగా వాలిపోయాయి. మే నెలలో ఒక్క ఆకైనా మిగలలేదు. చచ్చిపోయిందనుకుని, కుండీ అయినా పనికొస్తుందని మేడమెట్ల కింద, వాన చినుకు పడని మూలకు తోసేశాను. ఆ తర్వాత దాని సంగతే మరచిపోయాను.

2020 అక్టోబరు 11న ఉదయం మా ఆవిడ చీపురు కోసం ఆ మూలకు వెళ్ళి, "ఏమండీ, ఆ ఎండిపోయిన కుండీలో ఏవో పాముపిల్లల్లా తలలెత్తుతున్నాయి, వచ్చి చూడండి" అని పిలిచింది. మెలికలు తిరిగిన ఎర్రటి కాడలు నాలుగు మట్టిలోంచి పైకి వచ్చి ఉన్నాయి. ఐదు నెలలు చుక్క నీరు లేకుండా పడి ఉన్న దుంప బతికే ఉంది. నేను శ్రద్ధగా నీళ్ళు పోసిన రోజుల్లో చావుకు దగ్గరైన మొక్క నా నిర్లక్ష్యం వల్ల బతికిందని ఆ రోజు అర్థమైంది. తర్వాత నేను పడిన పాట్లన్నీ ఈ ఒక్క సంగతిని పూర్తిగా ఒంటబట్టించుకోకపోవడం వల్లనే పడ్డాను.

నా కుండీలోది పెర్సికమ్ అనే జాతి నుంచి పూల వ్యాపారం కోసం పెంచిన రకమని, ఇదిగాక సైక్లమెన్‌లో మరో ఇరవైకి పైగా అడవి జాతులున్నాయని, వాటిలో కొన్ని మంచును కూడా తట్టుకుంటాయని ఆ శీతాకాలమంతా కూర్చుని తెలుసుకున్నాను. గార్డు ఉద్యోగంలో స్టేషన్ల పేర్లు, బండి నంబర్లు వరసగా కంఠస్థం చేసిన అలవాటు కాబోలు, ఒక జాతి గురించి చదివితే మిగిలినవన్నీ కావాలనిపించేది. దక్షిణ ఫ్రాన్సు నుంచి టర్కీ దాకా పెరిగే హెడెరిఫోలియం, నల్లసముద్రం చుట్టుపక్కల చలికాలంలో పూసే కౌమ్, దక్షిణ టర్కీ కొండల్లోని సిలీసియం, గ్రీసు దేశపు రాళ్ళ మధ్య ఎండకు మాడుతూ బతికే గ్రీకమ్, ఆల్ప్స్ అడవుల్లో వేసవిలోనే పూసే పర్పురాసెన్స్: ఈ ఐదూ తెచ్చుకోవాలని ఒక పాత డైరీలో రాసుకున్నాను.

మొదటి ప్రయత్నంలోనే దెబ్బతిన్నాను. జర్మనీలో ఉన్న మా మేనల్లుడికి చెబితే, 2021 జులైలో కొన్ని విత్తనాలు కొని మామూలు ఉత్తరం కవరులో పెట్టి పంపాడు. కవరు నా చేతికి అందలేదు. ఏడు వారాల తర్వాత, గింజలకు తెగుళ్ళు లేవని చెప్పే ఫైటోశానిటరీ ధ్రువపత్రం, దిగుమతి అనుమతి చూపించమని ఒక కాగితం వచ్చింది. అవి రెండూ నా దగ్గర లేవు, ఇక ఆ విత్తనాల మీద ఆశ వదులుకున్నాను. ఇందులో పొరపాటు ఎవరిదీ కాదు, నాదే. విత్తడానికి తెప్పించే గింజలకు ఈ రెండు పత్రాలూ ఉండాలని 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు చెబుతున్నది. దుంపలు తెప్పించుకోవాలంటే మరో చిక్కు కూడా ఉంది. టర్కీ కొండల నుంచి అడవి దుంపలను విచ్చలవిడిగా తవ్వి అమ్మిన కాలం ఒకటి ఉండటంతో, సైక్లమెన్ జాతులన్నీ, అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరాయి. విత్తనాలకు మాత్రం అందులో మినహాయింపు ఉంది. ఏమైనా, గుప్పెడు గింజల కోసం ఈ కాగితాలన్నీ తెప్పించుకునే ఓపిక నాకు లేకపోయింది.

చివరికి హిమాచల్ కొండల్లో చాలా ఏళ్ళుగా వీటిని పెంచుతున్న ఒక పెద్దమనిషి ఫోనులో పరిచయమయ్యారు. తన మొక్కల గింజలే, గింజ 20 రూపాయల చొప్పున 75 ఇచ్చారు: హెడెరిఫోలియం 20, కౌమ్ 20, సిలీసియం 15, గ్రీకమ్ 10, పర్పురాసెన్స్ 10. కొరియర్ ఖర్చు 180తో కలిపి 1,680 రూపాయలైంది. పొట్లం 2021 అక్టోబరు 20న చేరింది. ఫోను పెట్టేసే ముందు ఆయన హిందీలో, "మీ దగ్గర వాన ఎప్పుడు పడుతుంది?" అని అడిగారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అన్నాను. ఆయన కొంచెంసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "అయితే జాగ్రత్త" అని మాత్రం అన్నారు. ఆ మాటకు నేను అప్పుడు విలువ ఇవ్వలేదు.

అక్టోబరు 24న విత్తాను. అంతకుముందు గింజలను, గిన్నెలు తోమే సబ్బునీరు ఒక్క చుక్క కలిపిన గోరువెచ్చని నీటిలో ఒక రోజంతా నానబెట్టాను. పాత గింజ మీద గట్టిపడిన పొర అప్పుడే మెత్తబడుతుంది. మట్టి కోసం కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల కింద కుళ్ళిన ఆకు ఒక బస్తా తెచ్చి, దానికి సమానంగా ఏటి ఇసుక, గుప్పెడు ఇటుక నలుసు కలిపాను. సెంటీమీటరు లోతున నాటి, తడిపి, కుండీలను చీకట్లో పెట్టాలి. సైక్లమెన్ గింజకు వెలుతురు తగిలితే మొలవడానికి మొండికేస్తుంది, వేడి తగిలినా అంతే. చీకటికి నాకు వేరే ఏర్పాటు అక్కరలేకపోయింది. నా పేరు, హెడ్‌క్వార్టర్ పేరు తెల్లరంగుతో రాసి ఉన్న నల్లటి రేకు లైన్‌బాక్సు అటక మీద ఉంది. ముప్ఫై ఏళ్ళు నా టిఫిన్ క్యారియరు, ఎర్ర జెండా, పచ్చ జెండా మోసిన పెట్టెలో ఐదు కుండీలు సరిగ్గా పట్టాయి. ఉత్తరపు గదిలో గచ్చు మీద పెట్టి, లోపల ఒక థర్మామీటరు ఉంచాను. నవంబరంతా అది 16కు, 19కి మధ్యనే తిరిగింది.

మూత రోజూ తెరవకూడదని తెలిసి కూడా రోజూ తెరిచాను. ముప్ఫై ఏడో రోజున, నవంబరు 30న, సిలీసియం కుండీలో గుండుసూది తలంత తెల్లటి వంపు కనిపించింది. అప్పటికి వారం రోజులుగా మా ఇంట్లోనే గడుపుతున్న మనవడు ఆగలేక ఒకదాన్ని వేలితో పెకలించి, "తాతయ్యా, దీనికి అప్పుడే గడ్డ ఉంది!" అన్నాడు. కోప్పడబోయి ఆగిపోయాను. వాడి వేలి కొసన మిరియం గింజలో సగమంత గుండ్రని గడ్డ, దాని కింద దారపు పోగులాంటి వేరు, పైన ఇంకా విప్పుకోని ఒకే ఒక్క ఆకు ఉన్నాయి. చిక్కుడుకు, ఆముదానికి రెండు బీజదళాలు వచ్చినట్టు దీనికి రావు, ఒక్కటే వస్తుంది. ఆ ఒక్క ఆకూ బయటపడేలోగా మట్టిలో దుంప తయారవుతుంది. ముందు కొట్టు కట్టుకుని తర్వాత వాకిలి తెరిచే సంసారి లాంటి మొక్క ఇది. మొలకెత్తిన కుండీలను వెంటనే పెట్టెలోంచి తీసి, తూర్పు కిటికీ దగ్గర పెట్టాను.

2022 జనవరి 15న లెక్క చూసుకుంటే సిలీసియం 11, హెడెరిఫోలియం 14, కౌమ్ 9, గ్రీకమ్ 4 మొలిచాయి. పర్పురాసెన్స్ ఒక్కటి కూడా రాలేదు. ఆ కుండీని రెండుసార్లు పారబోయబోయి, బద్ధకం వల్ల ఊరుకున్నాను. సరిగ్గా ఏడాది దాటాక, 2022 నవంబరులో అందులో మూడు మొలకలు వచ్చాయి. గింజ ఎండి పాతబడితే ఇలా రెండో చలికాలం దాకా ఎదురుచూస్తుందని తర్వాత తెలిసింది. మొలవని కుండీని రెండేళ్ళ దాకా ఎవరూ పారేయవద్దని అప్పటినుంచి అడిగిన వాళ్ళందరికీ చెబుతున్నాను.

అసలు పరీక్ష 2022 జూన్‌లో మొదలైంది. ఈ మొక్కల సొంత దేశాల్లో వేసవి పొడిగా ఉంటుంది, చలికాలంలో వాన పడుతుంది. అందుకని దుంప వేసవిలో నిద్రపోయి, తొలి చినుకులకు లేస్తుంది. మాకు చలికాలం పొడి, వేసవి చివర నాలుగు నెలలు ఎడతెగని వాన. అంటే దుంప నిద్రపోవలసిన వేళకే మా మబ్బు దాని నెత్తిన కుమ్మరిస్తుంది. కుండీలను వరండాలోకి మార్చాను కనుక ఇక భయం లేదనుకున్నాను. జులై మొదటి వారంలో పార్వతీపురంలో పెళ్ళి ఉంటే ఇద్దరం వెళ్ళి, పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయాం. తిరిగివచ్చేసరికి మా పక్కింటి ఒడియా మిత్రుడు గేటు దగ్గరే ఎదురొచ్చి, "ఆజ్ఞా, ఒక్క పూట కూడా మానకుండా మీ కుండీలన్నిటికీ నీళ్ళు పోశాను" అన్నారు. ఒడియాలో ఆజ్ఞా అంటే అయ్యా అని. బయట వాన కురుస్తుండగా, ఆ మనిషి గొడుగు వేసుకుని వచ్చి మరీ పోశారు. నేను ఏమీ అనలేకపోయాను, అనవలసిన మాట కూడా ఏమీ లేదు, ఎందుకంటే పోయవద్దని ఆయనకు నేను చెప్పలేదు.

బతికి ఉన్న దుంపను వేలితో నొక్కితే పచ్చి పెండలం ముక్కలా గట్టిగా ఉంటుంది. చచ్చిన దుంప పైకి అలాగే కనిపిస్తుంది గాని, వేలు ఆనించగానే పొట్టు జారి లోపలి గుజ్జు బయటికి వస్తుంది, కుళ్ళిన ఉల్లిపాయ వాసన కొడుతుంది. ఆ రోజు సాయంత్రం వరుసగా నొక్కుకుంటూ పోయాను. తొమ్మిది కౌమ్‌లలో మూడు మిగిలాయి. హెడెరిఫోలియంలో ఐదు, సిలీసియంలో నాలుగు పోయాయి. నాలుగు గ్రీకమ్‌లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. వాటి మట్టిలో రాళ్ళు ఎక్కువ వేయడం వల్లనో, కుండీ గోడవారన ఉండటం వల్లనో చెప్పలేను. తొమ్మిది నెలల పని అరగంటలో చెత్తబుట్టలోకి చేరింది. ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ ఆ ప్రస్తావన తేకుండా పెళ్ళి కబుర్లే చెప్పింది.

ఆ ఆగస్టులో పెరటి తూర్పు గోడకు ఆనించి ఒక పందిరి వేయించాను. ఇనుప గొట్టాలు, పైన పాలీకార్బొనేట్ రేకు, నైరుతి జల్లు కొట్టే పడమర వైపు కింద దాకా తెర, వేసవికి షేడ్‌నెట్, అన్నీ కలిపి కూలితో సహా 6,400 అయింది. లోపల ఇటుకలతో అడుగు ఎత్తున తొట్టి కట్టించి, ఒక ఆటో నిండా ఇసుక 600 రూపాయలకు పోయించాను. మట్టికుండీలను ఆ ఇసుకలో మెడదాకా పాతి పెట్టాను. నిద్రాకాలంలో కుండీలో చుక్క పోయకుండా, పదిహేను రోజులకొకసారి చుట్టూ ఇసుకను మాత్రం తడుపుతాను. ఆ చెమ్మ కుండీ గోడ గుండా అవసరమైనంతే లోపలికి దిగుతుంది. ప్లాస్టిక్ కుండీతో ఇది సాధ్యం కాదు. కుమ్మరి దగ్గర కుండీ 25 చొప్పున 40 తెచ్చాను. పూల దుకాణాల్లో సిమెంటు కుండీలు చూసి ఆశపడ్డాను గాని, ఈ పనికి అవి దండగ.

నా పాట్లు విని హిమాచల్ పెద్దమనిషి అదే జులైలో నాలుగేళ్ళ వయసున్న హెడెరిఫోలియం దుంపలు రెండు, డబ్బు పుచ్చుకోకుండా, వార్తాపత్రికలో చుట్టి పంపారు. అరచేతిలో సగం పట్టే చదునైన గోధుమరంగు బిళ్ళలు అవి. ఒక వైపు నున్నగా డొప్పలా ఉంది, మరో వైపు ఎండిన వేర్ల తుంపులు ఉన్నాయి. వేర్లు కిందికి ఉండాలన్నది చేమదుంపను చూసిన ఎవరికైనా తోచే మాట, అలాగే నాటాను. అక్టోబరు మొదటి వారం దాటినా ఏమీ రాలేదు. పద్నాలుగో తేదీన ఒక కుండీ అంచున, మట్టికీ పెంకుకూ మధ్య సందులోంచి, వంకర తిరిగిన కాడ ఒకటి కనబడింది. మట్టి తవ్వి చూస్తే కాడలన్నీ దుంప అడుగునుంచి బయలుదేరి, దాన్ని చుట్టుకుని, దారి వెతుక్కుంటూ పైకి వచ్చి ఉన్నాయి. హెడెరిఫోలియం దుంపకు వేర్లు పైభాగం నుంచి, పక్కల నుంచి వస్తాయి, అడుగు బోడిగా ఉంటుంది. నేను రెండు దుంపలనూ తలకిందులుగా నాటాను. కౌమ్‌కు, గ్రీకమ్‌కు వేర్లు అడుగునుంచే వస్తాయి కనుక ఒక జాతిని చూసి నేర్చుకున్నది మరో జాతికి పనికిరాదు. తిప్పి నాటాక రెండూ కోలుకున్నాయి గాని, ఆ ఏడాది పూయలేదు.

నా చేతి మీద మొలిచిన మొక్క మొదటి పువ్వు 2023 అక్టోబరు 9న పూసింది, విత్తిన నాటి నుంచి పదిహేను రోజులు తక్కువ రెండేళ్ళకు. హెడెరిఫోలియం ఆకు కంటే ముందు పువ్వు తొడుగుతుంది. ఉత్త మట్టిలోంచి బెత్తెడు కాడ, దాని కొసన లేత గులాబీ రంగు పువ్వు, రేకల మొదట్లో చిన్న చెవుల్లాంటి మడతలు. నేను నేలమీద బోర్లా పడుకుని చూశాను. దసరాకు ముందురోజుల హడావుడిలో ఉన్న పక్కింటి మిత్రుడు గోడ మీదుగా తొంగిచూసి, "పడిపోయారా ఆజ్ఞా?" అని కంగారుపడ్డారు. నవంబరులో సిలీసియం పూసింది. దాని రేకలు కొంచెం మెలితిరిగి ఉంటాయి, దగ్గర ముఖం పెడితే తేనె వాసన వస్తుంది. మిగిలిన మూడు కౌమ్‌లలో ఒకటి 2024 జనవరి చివర, తెల్లవారుజామున చలి ఒంటి అంకెకు దిగిన వారంలో, రెండే రెండు పొట్టి పూలు ఇచ్చింది. ఒక్కో రేక మొదట్లో కాటుక పెట్టినట్టు ముదురు మచ్చ ఉంది. చూడముచ్చటైన పువ్వేగాని, కొరాపుట్‌లో దీనికోసం పడే శ్రమ దండగని నా అభిప్రాయం. ప్రతి వానాకాలం దీనికి మరణగండమే. దేవ్‌మాలి కొండ వైపు ఇంకా ఎత్తున ఉండేవాళ్ళు ప్రయత్నించవచ్చు. గ్రీకమ్ ఇంతవరకు పూయలేదు. అయినా ముఖమల్ గుడ్డ మీద వెండి జరీ కుట్టినట్టున్న దాని ఆకుల కోసమే నేను దాన్ని పెంచుకుంటాను, పువ్వు ఎప్పుడు వచ్చినా లాభమే అనుకుంటాను. పర్పురాసెన్స్ మూడింటిలో రెండు నిరుటి ఏప్రిల్ ఎండకు పోయాయి. అది మిగతావాటిలా పూర్తిగా ఎండకూడదు, అలాగని వేడికీ ఓర్చుకోదు, మధ్యలో నాకు దొరకడం లేదు.

పందిరిలోకి తేనెటీగలు సరిగా రావు కనుక గింజ కట్టించే పని నేనే చేస్తాను. ఎండ బాగా పడిన పూట బొటనవేలి గోరును పువ్వు కింద ఆనించి కాడను మీటితే పుప్పొడి ఉప్పులా గోరు మీద రాలుతుంది. దాన్ని మరో పువ్వు కీలాగ్రానికి తాకించాలి. పది రోజుల్లో రేకలు రాలి, కాడ పైనుంచి స్ప్రింగులా చుట్టుకోవడం మొదలుపెడుతుంది, చుట్టుకుంటూ చుట్టుకుంటూ కాయను మట్టి మీదికి దించేస్తుంది. నా మొదటి కుండీలోని పెర్సికమ్ మాత్రం ఇలా చుట్టుకోదు, కాడ ఊరికే వంగుతుంది. చలికాలంలో వారానికి రెండుసార్లు కుండీ అంచు వెంట నీళ్ళు, ఎండిన ఆకును కత్తిరించకుండా మెలిపెట్టి మొదలంటా లాగేయడం, బూజు వచ్చిన ఏడాది 240 పెట్టి కొన్న ఒక మందు పొట్లం, అంతకుమించి సేవ లేదు. మొదటి కుండీ నుంచి నేటి వరకు అయిన ఖర్చు డైరీలో 10,270 రూపాయలుగా తేలింది. అందులో సగం కంటే ఎక్కువ వానను ఆపడానికే పెట్టాను.

2024 జూన్ మొదటి వారంలో హెడెరిఫోలియం కాయలు మెత్తబడ్డాయి. మర్నాడు కోద్దామని వదిలి, ఉదయం వెళ్ళేసరికి ఒక కాయ నోరు తెరిచి ఖాళీగా ఉంది. గింజ మీద బెల్లపు పాకంలాంటి జిగురు ఉంటుంది, దానికోసం చీమలు పట్టుకుపోతాయని చదివాను గాని, నా ఇంట్లోనే జరుగుతుందనుకోలేదు. ఒక్కో గింజకు నాలుగైదు చీమలు చొప్పున తొట్టి గోడ దిగి, పెరడు దాటి, మేడమెట్ల వైపు సాగిపోతున్నాయి. మిగిలిన మూడు కాయలు కోసుకుని, 29 తాజా గింజలు అక్కడికక్కడే విత్తి, లైన్‌బాక్సులో పెట్టాను. చీమల వాటాను లెక్కలో వేసుకోలేదు.

డిసెంబరు 18న మా ఆవిడ మెట్లు కడుగుతూ మళ్ళీ పిలిచింది. ఆఖరి మెట్టుకూ గోడకూ మధ్య పగులులో, 2020లో నేను చచ్చిందనుకుని కుండీ తోసేసిన మూలకు జానెడు దూరంలో, చిటికెనవేలి గోరంత ఆకు ఒకటి నిలబడి ఉంది. వారానికొకసారి ఆమె మెట్ల మీద పోసే నీళ్ళే దానికి అందుతున్నట్టున్నాయి. ఇప్పుడు ఆ మూల దగ్గర కావాలని ఇంకో చెంబు ఎక్కువ వంచుతోంది. జూన్ రాగానే మానెయ్యాలని చెప్పి ఉంచాను, పక్కింటాయనకు కూడా.